లారీ స్కేలు నమూనా: స్క్రాచ్ బిల్డింగ్

నిర్వచనం

ఒక లారీ అసలు కొలతలన్నిటినీ ఒకే సంఖ్యతో భాగించి, వచ్చిన కొలతల ప్రకారం ముడి పదార్థాల నుంచి చిన్న లారీని నిర్మించడాన్ని స్క్రాచ్ బిల్డింగ్ అంటారు. ఇందులో కంపెనీ కిట్టు ఉండదు. ప్లాస్టిక్ పలకలు, ఇత్తడి రేకులు, అల్యూమినియం గొట్టాలు, తీగలు, రెజిన్ వంటి సరుకు నుంచే ఛాసిస్, కమాన్లు, ఇంజన్, క్యాబిన్, తొట్టి తయారవుతాయి. ఆటబొమ్మకు, స్కేలు నమూనాకు భేదం కొలతలో ఉంది. ఆటబొమ్మ లారీని పోలి ఉంటే చాలు. స్కేలు నమూనాలో ప్రతి భాగమూ ఒకే నిష్పత్తికి లోబడాలి.

బయటి ఆకారంతో సరిపెట్టకుండా ఛాసిస్ అడుగున బ్రేకు గొట్టాలు, ఇంజన్ మీది బెల్టులు, డ్యాష్‌బోర్డు మీది మీటర్లు, తలుపు పిడులు, బోల్టు తలల దాకా చూపిన నమూనాను సవివర నమూనా అంటారు. లారీలో ఛాసిస్, ఇరుసులు, ట్యాంకులు, గొట్టాలు చాలావరకు బయటికే కనిపిస్తాయి. అందుచేత కారు నమూనా కంటే లారీ నమూనాలో విడిగా తయారు చేయవలసిన భాగాలు ఎక్కువ.

సంబంధిత పద్ధతులు

స్క్రాచ్ బిల్డింగ్‌కు దగ్గరగా మరికొన్ని పద్ధతులు ఉన్నాయి.

- కిట్ అసెంబ్లీ: కంపెనీ పోతపోసి ఇచ్చిన భాగాలను సూచనల ప్రకారం అతికించడం.
- సూపర్ డిటైలింగ్: కిట్టులో లేని తీగలు, గొట్టాలు, బోల్టులు అదనంగా చేర్చడం.
- కన్వర్షన్: కిట్టు లారీని కోసి, పొడిగించి, అదే వాహనపు మరో రకంగా మార్చడం. మామూలు తొట్టి లారీని టిప్పర్‌గా మార్చడం దీనికి ఉదాహరణ.
- కిట్ బ్యాషింగ్: రెండు మూడు కిట్ల భాగాలు కలిపి కొత్త వాహనం కట్టడం.

ఆచరణలో వీటి మధ్య గీత కచ్చితంగా ఉండదు. పూర్తిగా చేతితో కట్టిన నమూనాల్లోనూ సన్న మరలు, ఎల్ఈడీ దీపాలు, కొన్నిసార్లు టైర్లు బయట కొన్నవే ఉంటాయి. ఎంత శాతం సొంతంగా చేస్తే స్క్రాచ్ బిల్ట్ అనిపించుకుంటుందో పోటీ నిర్వాహకులు తమ నిబంధనల్లో వేర్వేరుగా నిర్ణయిస్తారు.

చరిత్ర

నిష్పత్తి ప్రకారం నమూనాలు కట్టే పద్ధతి మోటారు వాహనం కంటే చాలా పాతది. ఇంగ్లండులో 17వ శతాబ్దం నుంచి నౌకాదళం కోసం కట్టిన నేవీ బోర్డ్ ఓడ నమూనాల్లో 1:48 నిష్పత్తి విరివిగా కనిపిస్తుంది. లేత్ మిషన్ పనిని ఇంటి అభిరుచిగా చేసుకున్నవారి కోసం బ్రిటన్‌లో 1898లో ‘మోడల్ ఇంజనీర్’ పత్రిక మొదలైంది. ఆవిరి యంత్రాలు, రైలింజన్లు చిన్నవిగా కట్టే ఆ సంప్రదాయమే తరువాత రోడ్డు వాహనాలకూ విస్తరించింది.

అమెరికాలో జనరల్ మోటార్స్ ఆధ్వర్యాన 1930 నుంచి 1968 వరకు నడిచిన ఫిషర్ బాడీ క్రాఫ్ట్స్‌మన్స్ గిల్డ్ ఈ రంగంలో చెప్పుకోదగిన సంస్థ. యువకులు మొదట నెపోలియన్ కాలపు గుర్రపు బగ్గీ నమూనాను, 1937 నుంచి సొంతంగా రూపొందించిన కార్ల నమూనాలను 1:12 స్కేలులో చేతితో కట్టి పోటీకి పంపేవారు. గెలిచినవారికి ఉపకార వేతనాలు దక్కేవి. జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికి తరువాత అధిపతి అయిన చక్ జోర్డాన్ ఈ పోటీలో విజేత.

ప్లాస్టిక్ కిట్లు 1936లో బ్రిటన్‌లో వచ్చిన ఫ్రాగ్ పెంగ్విన్ విమానాలతో మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం తరువాత పాలీస్టైరీన్ వాడకం పెరిగి కిట్లు చవకయ్యాయి. అమెరికాలో ఏఎంటీ కంపెనీ 1:25 స్కేలులో పీటర్‌బిల్ట్ 359 వంటి భారీ ట్రక్కుల కిట్లను తెచ్చింది. యూరప్ ట్రక్కులను ఇటలీకి చెందిన ఇటాలెరి 1:24లో విడుదల చేసింది. జపాన్ కంపెనీ టమియా 1990 దశకం నుంచి 1:14 స్కేలులో రిమోట్ కంట్రోల్ ట్రక్కులను అమ్ముతోంది.

కిట్లు పెరిగినా స్క్రాచ్ బిల్డింగ్ తగ్గలేదు. ఎక్కువ అమ్ముడయ్యే అవకాశమున్న మోడళ్లకే కంపెనీలు అచ్చులు చేయిస్తాయి. కిట్టు రాని లారీ కావాలనుకున్నవారికి చేతి నిర్మాణం తప్ప దారి లేదు. కిట్లతోపాటు అంగడికి వచ్చిన పాలీస్టైరీన్ పలకలు, జిగురులు, రంగులు చేతితో కట్టేవారికీ సౌకర్యమయ్యాయి.

స్కేళ్లు

స్కేలును 1:24 వంటి నిష్పత్తితో చూపుతారు. నమూనాలో 1 మి.మీ. అసలు లారీలో 24 మి.మీ.కు సమానమని దాని అర్థం. ప్రస్తుత స్కేళ్లు చాలావరకు అడుగు–అంగుళం లెక్కల నుంచి పుట్టాయి. అడుగుకు అర అంగుళం లెక్కన 1:24, ముప్పావు అంగుళం లెక్కన 1:16 వచ్చాయి. 1:87, 1:43 రైలు నమూనాల నుంచి వచ్చినవి, అడుగుకు 3.5 మి.మీ. మొదటిది, 7 మి.మీ. రెండోది. సైనిక ట్రక్కులకు ఎక్కువగా వాడే 1:35 వెనుక కారణం వేరు. టమియా తన తొలి ట్యాంకు కిట్టులో మోటారు, బ్యాటరీలు పట్టేలా పరిమాణం నిర్ణయించగా అది ఈ నిష్పత్తికి వచ్చింది.

2.5 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉన్న లారీ వివిధ స్కేళ్లలో ఇలా ఉంటుంది:

- 1:87 – వెడల్పు 28.7 మి.మీ., పొడవు 138 మి.మీ. రైలు నమూనాల పక్కన అమరుతుంది.
- 1:50 – వెడల్పు 50 మి.మీ., పొడవు 240 మి.మీ. నిర్మాణ యంత్రాల లోహపు నమూనాలకు వాడుక.
- 1:43 – వెడల్పు 58 మి.మీ., పొడవు 279 మి.మీ. సేకరణకర్తల స్కేలు.
- 1:25 – వెడల్పు 100 మి.మీ., పొడవు 480 మి.మీ. అమెరికన్ కిట్ల స్కేలు.
- 1:24 – వెడల్పు 104 మి.మీ., పొడవు 500 మి.మీ. యూరప్, జపాన్ కిట్ల స్కేలు.
- 1:16 – వెడల్పు 156 మి.మీ., పొడవు 750 మి.మీ. లోహంతో కట్టే పెద్ద నమూనాలకు అనువు.
- 1:14 – వెడల్పు 179 మి.మీ., పొడవు 857 మి.మీ. రిమోట్ కంట్రోల్ లారీల స్కేలు.

చేతితో కట్టే సవివర నమూనాలకు 1:24, 1:25 ఎక్కువ వాడుకలో ఉన్నాయి. బోల్టు తల కనిపించేంత పెద్దవిగానూ, అలమరలో పట్టేంత చిన్నవిగానూ ఉండటం, ఈ స్కేళ్లలో టైర్లు, దీపాలు విడిగా దొరకడం ఇందుకు కారణాలు.

ఆధార సమాచారం, కొలతల లెక్క

నిర్మాణానికి ముందు అసలు లారీ కొలతలు సేకరించాలి. కంపెనీ బ్రోచర్లు, సర్వీసు మాన్యువళ్లు, బాడీ కట్టేవారికి కంపెనీలు ఇచ్చే ఛాసిస్ డ్రాయింగులు ప్రధాన ఆధారాలు. అవి దొరకనప్పుడు ఆగి ఉన్న లారీని టేపుతో కొలుస్తారు. ఫోటోల నుంచి కొలతలు తీసేటప్పుడు దూరం నుంచి, లారీ పక్కకు సరిగ్గా ఎదురుగా నిలబడి తీసిన చిత్రాలు మేలు. దగ్గరి నుంచి తీస్తే ముందున్న భాగం పెద్దదిగా, వెనకది చిన్నదిగా పడి లెక్క తప్పుతుంది. చిత్రంలో తెలిసిన కొలత ఒకటి ఉంటే తెలియనివి దాని ద్వారా లెక్కించవచ్చు. ఇందుకు టైరు బాగా ఉపకరిస్తుంది, ఎందుకంటే దాని పరిమాణం పక్క గోడ మీదే అచ్చై ఉంటుంది.

ఉదాహరణకు 295/80ఆర్22.5 అన్న టైరులో 295 వెడల్పు మి.మీ.లలో, 80 అంటే పక్క గోడ ఎత్తు వెడల్పులో 80 శాతం, 22.5 రిమ్ము వ్యాసం అంగుళాలలో. పక్క గోడ 236 మి.మీ.; రెండు వైపులా కలిపి 472. రిమ్ము 571.5 మి.మీ. రెండూ కలిపితే టైరు వ్యాసం సుమారు 1,043 మి.మీ. 1:24లో అది 43.5 మి.మీ. అవుతుంది.

పొడవు, వెడల్పు, ఎత్తు భాగహారానికి లొంగుతాయి కానీ మందం అన్నిచోట్లా లొంగదు. 7 మి.మీ. మందమున్న ఛాసిస్ ఉక్కు 1:24లో 0.29 మి.మీ. అవుతుంది, 0.25 మి.మీ. పలకతో దాన్ని చూపవచ్చు. 1 మి.మీ. క్యాబిన్ రేకు 0.04 మి.మీ. కావాలి, అంత పలుచని ప్లాస్టిక్‌తో క్యాబిన్ నిలబడదు. అందుచేత లోపల మందంగా ఉంచి, కంటికి కనిపించే అంచులను మాత్రమే పలచగా అరగదీస్తారు. తలుపు చుట్టూ 5 మి.మీ. సందు నమూనాలో 0.2 మి.మీ. గీత అవుతుంది. నమూనా మీద 0.1 మి.మీ. మందాన రంగు పడితే అది అసలు లారీ మీద 2.4 మి.మీ. పూతతో సమానం, ఈ గీతలు పూడిపోవడానికి అది చాలు. ఎక్కడ కొలతను అనుసరించాలి, ఎక్కడ కంటికి సరిపెట్టాలి అన్న నిర్ణయం స్క్రాచ్ బిల్డింగ్‌లో అడుగడుగునా ఎదురవుతుంది.

బరువు నిష్పత్తి ఘనంతో తగ్గుతుంది. 16 టన్నుల లారీని అవే పదార్థాలతో 1:24లో కట్టగలిగితే బరువు 24 ఘనం, అంటే 13,824వ వంతుకు దిగి 1.16 కిలోలు అవుతుంది. కదిలే నమూనాల స్ప్రింగులను ఎంచుకునేటప్పుడు ఈ లెక్క గుర్తుంచుకోవాలి.

ముడి పదార్థాలు

పాలీస్టైరీన్ పలకలు ఈ పనిలో ప్రధానమైన సరుకు. 0.25, 0.5, 0.75, 1, 1.5, 2 మి.మీ. వంటి మందాల్లో పలకలు, పట్టీలు, కడ్డీలు, గొట్టాలు, యాంగిళ్లు దొరుకుతాయి. బ్లేడుతో గీత పెట్టి వంచితే పలక గీత వెంట తెగుతుంది. సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడుతుంది కనుక వేడితో వంపులు తేవచ్చు. భారతదేశంలో సైన్ బోర్డుల దుకాణాల్లో దొరికే సన్‌బోర్డును కూడా పెద్ద నమూనాలకు వాడతారు. అది చవక, తేలిక. కానీ కోసిన అంచులో సన్న రంధ్రాలు కనబడతాయి కనుక పుట్టీ పెట్టాలి.

ఇత్తడి బలం కావలసిన చోట పనికివస్తుంది: అద్దాల స్టాండ్లు, నిచ్చెనలు, గ్రిల్లులు, ఇరుసులు. దీన్ని టంకంతో అతుకుతారు. అల్యూమినియం గొట్టాలు డీజిల్ ట్యాంకులకు, ఎయిర్ ట్యాంకులకు, సైలెన్సర్లకు సరిపోతాయి. రాగి తీగ, టంకం తీగ సులువుగా వంగి అలాగే నిలుస్తాయి కనుక వాటితో బ్రేకు పైపులు చేస్తారు. లారీ తొట్టికి అసలు కర్రే వాడేవారున్నారు. సన్న ఈనెలున్న కర్ర ఎంచుకోకపోతే ఈనెలు స్కేలుకు మించి పెద్దవిగా కనిపిస్తాయి.

జిగురులు పదార్థాన్ని బట్టి మారతాయి. పాలీస్టైరీన్ ముక్కలకు వాడే ద్రవ జిగురు నిజానికి ద్రావకం. రెండు ముక్కల అంచులనూ కరిగించి ఒకటి చేసి ఆవిరైపోతుంది. లోహాన్ని ప్లాస్టిక్‌కు అతికించడానికి సూపర్ గ్లూ అని పిలిచే సయానోఎక్రిలేట్ గాని, రెండు పాళ్ల ఎపాక్సీ గాని వాడాలి. సయానోఎక్రిలేట్‌కు ఉన్న జిగురు గుణాన్ని ఈస్ట్‌మన్ కొడాక్‌లో హ్యారీ కూవర్ బృందం గుర్తించింది. 1958లో అది అమ్మకానికి వచ్చింది. దాని ఆవిరి అద్దం ముక్కల మీద తెల్లని మబ్బు పట్టిస్తుంది కనుక కిటికీ అద్దాలకు తెల్ల ఫెవికాల్ వంటి పీవీఏ జిగురు సురక్షితం.

పనిముట్లు

అవసరమైన పనిముట్లు తక్కువే: పదునైన క్రాఫ్టు కత్తి, ఉక్కు స్కేలు, మూలమట్టం, వెర్నియర్ కాలిపర్స్, సన్న ఆకురాళ్లు, 400 నుంచి 2000 వరకు నంబర్ల నీటి ఎమిరీ కాగితాలు, 0.3 మి.మీ. నుంచి మొదలయ్యే డ్రిల్లు బిట్లు, చేతి డ్రిల్లు, పట్టకార్లు. గాజు పలకను పని బల్లగా వాడతారు. దాని సమతలం మీదే ఛాసిస్ వంకర బయటపడుతుంది. చిన్న లేత్ మిషన్ ఉంటే చక్రాలు, పుల్లీలు, ట్యాంకు మూతలు తీయడం సులువవుతుంది.

నిర్మాణ క్రమం

*ఛాసిస్:* నమూనాకు ఇదే ఆధారం. అసలు లారీలో రెండు పొడవాటి ఉక్కు చానళ్లను అడ్డ దూలాలు కలుపుతాయి. అమెరికన్ ట్రక్కుల్లో ఛాసిస్ వెడల్పు సాధారణంగా 34 అంగుళాలు, అంటే 864 మి.మీ.; 1:24లో 36 మి.మీ. చానల్ లోతు 250 మి.మీ. అయితే నమూనాలో 10.4 మి.మీ. మూడు పట్టీలను అతికించి చానల్ తయారు చేస్తారు. రెండు చానళ్లను ఒకదానిపై ఒకటి పెట్టి ఒకేసారి రంధ్రాలు వేస్తే అవి ఎదురెదురుగా సరిపోతాయి. అడ్డ దూలాలు అతికించేటప్పుడు జిగ్గు, అంటే ముక్కలను కదలకుండా పట్టి ఉంచే చట్రం, వాడతారు. చక్రాల మధ్య దూరం 4,225 మి.మీ. ఉన్న లారీలో ముందు, వెనక ఇరుసుల మధ్య 176 మి.మీ. రావాలి, రెండు పక్కలా అంతే ఉండాలి.

*కమాన్లు, ఇరుసులు:* కమాన్ కట్టలోని ఒక్కో పట్టీని విడిగా కోసి, పొడవు తగ్గే క్రమంలో పేర్చి, వంపు జిగ్గు మీద అతికిస్తారు. 72 మి.మీ. వెడల్పు, 12 మి.మీ. మందం ఉన్న పట్టీ 1:24లో 3 మి.మీ. వెడల్పు, 0.5 మి.మీ. మందం అవుతుంది. కట్టను పట్టి ఉంచే యు బోల్టులకు సన్న తీగ సరిపోతుంది. వెనక ఇరుసులో హౌసింగ్ ముఖ్యం. దాని గుండ్రని ఉబ్బును లేత్ మీద తిప్పి గాని, పలకలు పొరలుగా అతికించి అరగదీసి గాని తెస్తారు. ప్రొపెల్లర్ షాఫ్టు గేర్‌బాక్సు చివర, హౌసింగ్ మూతి కలిసే కోణంలోనే ఉండాలి.

*చక్రాలు, టైర్లు:* ఒకే భాగం ఎన్నోసార్లు కావాలి. ఒకే ఇరుసుతో నడిచే ఆరు చక్రాల లారీకైనా స్టెప్నీతో కలిపి ఏడు టైర్లు. ఒక మూల చక్రం చేసి మిగిలినవి పోతపోయడం వాడుక (చూ. నకళ్ల పోత). 10 బోల్టుల చక్రంలో 335 మి.మీ. వ్యాసమున్న బోల్టుల వృత్తం 1:24లో 14 మి.మీ.; బోల్టుకు బోల్టుకు మధ్య 36 డిగ్రీలు. ఒక్క బోల్టు పక్కకు జరిగినా కంటికి తెలుస్తుంది కనుక రంధ్రాల స్థానం కోసం విభజన పలక వాడతారు.

*ఇంజన్:* క్యాబిన్ వంగేదైతే, బానెట్ తెరుచుకునేదైతే ఇంజన్ పూర్తిగా చేయాలి. మందమైన పలకలు కలిపి దిమ్మ చేసి, దాని మీద సిలిండర్ హెడ్డు, పంపు, ఫిల్టర్లు, ఆల్టర్నేటర్ విడివిడిగా పెడతారు. ఇంజన్ కనబడని నమూనాల్లో అడుగు నుంచి కనిపించే సంపు, గేర్‌బాక్సు మాత్రమే చేయడం ఆనవాయితీ.

*క్యాబిన్:* ముందు, వెనక, పక్క గోడలను డ్రాయింగు ప్రకారం కోసి పెట్టెగా నిలుపుతారు. గుండ్రని మూలలకు లోపల కడ్డీ అతికించి బయట అరగదీస్తారు. వంపు ఎక్కువున్న పైకప్పు, ఫెండర్ల కోసం చెక్క అచ్చు చేసి, వేడెక్కిన పలుచని ప్లాస్టిక్‌ను గాలి పీల్చే పెట్టె మీద దాని చుట్టూ బిగిసేలా చేస్తారు. దీన్ని వాక్యూమ్ ఫార్మింగ్ అంటారు. తలుపులు తెరుచుకోవాలంటే గోడ కోసే దశలోనే బందుల స్థానం నిర్ణయించాలి.

*గొట్టాలు, తీగలు, బోల్టులు:* వివరం పెరిగేది ఈ దశలో. 10 మి.మీ. ఎయిర్ బ్రేకు గొట్టానికి 0.4 మి.మీ. తీగ సరిపోతుంది. 19 మి.మీ. బోల్టు తల 0.8 మి.మీ. అవుతుంది, ఆరు పలకల ప్లాస్టిక్ కడ్డీని సన్నగా తరిగితే అలాంటి తలలు వస్తాయి. ప్రతి గొట్టమూ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలిసి పెడితేనే అది వివరం అనిపించుకుంటుంది. దీపాలకు 1 మి.మీ. పొడవు, 0.5 మి.మీ. వెడల్పు ఉండే 0402 రకం ఎల్ఈడీలు వాడుతున్నారు.

నకళ్ల పోత

మూల భాగం చుట్టూ సిలికోన్ రబ్బరు పోసి, గట్టిపడ్డాక మూలాన్ని తీసేస్తే అచ్చు మిగులుతుంది. అందులో రెండు పాళ్ల పాలీయూరిథేన్ రెజిన్ పోస్తే నిమిషాల్లో గట్టిపడి నకలు వస్తుంది. అచ్చులో చిక్కిన గాలి బుడగలు ప్రధాన సమస్య. పోసే రంధ్రంతోపాటు గాలి పోయే దారి వేయడం, పీడన పాత్రలో ఉంచడం దానికి పరిష్కారాలు. గ్రిల్లులు, వైపర్లు, పేరు ఫలకాల వంటి పలుచని భాగాలకు ఫోటో ఎచింగ్ పద్ధతి అనుకూలం. కాంతికి స్పందించే పూత మీద బొమ్మ ముద్రించి, మిగిలిన ఇత్తడిని ఫెర్రిక్ క్లోరైడ్‌తో కరిగించడం ఈ పద్ధతి.

డిజిటల్ పద్ధతులు

చక్ హల్ 1984లో స్టీరియోలితోగ్రఫీకి పేటెంటు దరఖాస్తు చేశారు. 1986లో అది మంజూరైంది. కాంతితో రెజిన్‌ను పొరలుగా గట్టిపరిచే ఆ సూత్రం మీదే నేటి చిన్న త్రీడీ ప్రింటర్లు పనిచేస్తున్నాయి. వీటిలో 0.05 మి.మీ. పొర సాధారణం, 1:24లో అది అసలు లారీ మీద 1.2 మి.మీ. మెట్టుతో సమానం. చక్రాలు, టైర్ల పూలు, ఇంజన్ భాగాలకు ఈ పద్ధతి వేగంగా వ్యాపించింది. పలకలు కోయడానికి లేజర్ కట్టర్లు కూడా వాడుతున్నారు.

త్రీడీ ముద్రణ స్క్రాచ్ బిల్డింగ్ కిందికి వస్తుందా అన్న విషయంలో రెండు అభిప్రాయాలు ఉన్నాయి. కంప్యూటర్‌లో భాగాన్ని కొలిచి గీసింది నిర్మాతే అయినప్పుడు అది సొంత పనేనని ఒక వాదం. చేతి నైపుణ్యమే ఈ విద్యకు మూలమని, ఇతరుల ఫైలు ముద్రించడం కిట్టు కొనడం లాంటిదేనని మరో వాదం. ముద్రిత భాగాలను ప్రకటించాలని కోరుతూ కొన్ని పోటీలు మధ్యేమార్గం పాటిస్తున్నాయి.

రంగులు, పాతదనం

జిడ్డు, దుమ్ము కడిగి ప్రైమర్ కొట్టడంతో రంగు పని మొదలవుతుంది. బూడిద రంగు ప్రైమర్ గీతలను, గుంటలను బయటపెడుతుంది. పుట్టీ పెట్టి మళ్లీ ఎమిరీ పడతారు. రంగును ఎయిర్‌బ్రష్‌తో పలుచని పూతలుగా కొట్టాలి. క్రోమ్ మెరుపుకు నిగనిగలాడే నలుపు మీద లోహపు రంగు కొడతారు, లేదా అతుక్కునే పలుచని లోహపు ఫాయిల్ వాడతారు.

అక్షరాలు, గుర్తులకు నీటిలో నానబెట్టి జరిపే డెకాళ్లు వాడుక. మామూలు ఇంక్‌జెట్ ప్రింటరు తెల్ల రంగు ముద్రించలేదు కనుక తెల్ల అక్షరాలకు తెల్ల డెకాల్ కాగితం గాని ప్రత్యేక ముద్రణ గాని కావాలి.

వాడిన లారీగా చూపడానికి మురికి, తుప్పు, నూనె మరకలు చేర్చడాన్ని వెదరింగ్ అంటారు. పల్చని ముదురు రంగు సందుల్లో పారించడం, పొడి కుంచెతో అంచులు తేలికపరచడం, రంగు పొడి చల్లి దుమ్ము చూపడం ముఖ్యమైన పద్ధతులు. లారీలో దుమ్ము చక్రాల వెనక, ఛాసిస్ అడుగున ఎక్కువ. గీతలు తొట్టి లోపల, మెట్ల మీద ఎక్కువ. ఆ క్రమం పాటించకపోతే మురికి అసహజంగా కనిపిస్తుంది.

రకాలు

- ప్రదర్శన నమూనాలు: కదలవు, వివరానికి ప్రాధాన్యం.
- కదిలే నమూనాలు: 1:14, 1:16 స్కేళ్లలో రిమోట్ కంట్రోల్‌తో నడుస్తాయి. మోటారు, గేర్లు, బ్యాటరీ పట్టవలసి ఉండటంతో ఇంజన్, ఛాసిస్ వివరంలో కొంత వదులుకోవలసి వస్తుంది.
- డయోరామాలు: దాబా, చెక్‌పోస్టు, క్వారీ వంటి పరిసరంలో లారీని నిలుపుతాయి.
- సినిమా నమూనాలు: కెమెరాకు కనిపించే పక్క మాత్రమే పూర్తిచేస్తారు.
- పారిశ్రామిక నమూనాలు: వాహన రూపకల్పనలో, గాలి నిరోధం పరీక్షల్లో వాడతారు.

భారతీయ లారీల నమూనాలు

అంతర్జాతీయ కిట్లు ప్రధానంగా అమెరికా, యూరప్, జపాన్ వాహనాలవి. భారతీయ లారీ నమూనా కావాలంటే స్క్రాచ్ బిల్డింగ్ దాదాపు తప్పనిసరి. టాటా గ్రూపుకు చెందిన టెల్కో 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో జంషెడ్‌పూర్‌లో లారీల తయారీ మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. అంతకు ముందరి లారీ నమూనాకు మెర్సిడెస్ మూడు కోణాల నక్షత్రం, తరువాతి దానికి టాటా గుర్తు ఉండాలి. చెన్నై ఎన్నూరులో అశోక్ లేలాండ్ 1955 నుంచి ఆ పేరుతో నడుస్తోంది. టాటా మోడల్ సంఖ్యలు నిర్మాతకు సమాచారం ఇస్తాయి: 1613 అంటే మొత్తం బరువు సుమారు 16 టన్నులు, ఇంజన్ శక్తి సుమారు 130 హార్స్‌పవర్.

భారతీయ లారీకి మరో విశేషం ఉంది. చాలాకాలం కంపెనీలు ముందు భాగంతో కూడిన ఛాసిస్ మాత్రమే అమ్మేవి. క్యాబిన్, తొట్టి బాడీ బిల్డర్లు కట్టేవారు. విజయవాడ ఆటోనగర్, తమిళనాడులోని నామక్కల్, తిరుచెంగోడు ఈ పనికి పేరుపడ్డ కేంద్రాలు. కర్ర చట్రం, రేకులు, అద్దాల వరస, పైకప్పు మీది క్యారియర్, తొట్టి పక్కల బొమ్మలు ఊరిని బట్టి, మేస్త్రీని బట్టి మారేవి. అందుచేత ఒకే మోడల్ లారీలు రెండు సరిగ్గా ఒకేలా ఉండవు. ఈ రకం నమూనాకు కంపెనీ డ్రాయింగు ఛాసిస్ వరకే పనికివస్తుంది; మిగతాదానికి ఒక నిర్దిష్ట లారీని ఎంచుకుని కొలవాలి. ట్రక్కు క్యాబిన్లు, బాడీల నిర్మాణానికి తరువాత ఏఐఎస్-093 ప్రమాణం వచ్చింది.

కాలాన్ని తెలిపే చిన్న వివరాలు ఇక్కడ ముఖ్యం. వాణిజ్య వాహనాల నంబరు ప్లేటు పసుపు, అక్షరాలు నలుపు. 2014 జూన్‌కు ముందు తెలంగాణ లారీలకూ ఏపీ అక్షరాలే ఉండేవి. తరువాత రిజిస్టరైన వాటికి టీఎస్, 2024 మార్చి నుంచి టీజీ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో ఏపీ 39 శ్రేణి మొదలైంది. అంతకుముందు కృష్ణా జిల్లా లారీకి ఏపీ 16, గుంటూరు జిల్లా లారీకి ఏపీ 07 ఉండేవి. నేషనల్ పర్మిట్ లారీలకు ఎండుటాకు గోధుమ రంగు, తెల్ల అంచు నిబంధన చాలాకాలం అమలులో ఉంది. తొట్టి మీది రాతలను అసలు లారీలో కుంచెతోనే రాస్తారు కనుక నమూనాలోనూ కుంచెతో రాస్తే అక్షరాల సహజమైన తేడాలు నిలుస్తాయి.

భద్రత

ద్రవ జిగురుల ఆవిరి హానికరం. గాలి ఆడే చోటనే వాడాలి. ప్రింటరు రెజిన్ గట్టిపడక ముందు చర్మానికి తగిలితే అలర్జీ కలిగిస్తుంది కనుక నైట్రైల్ గ్లవ్స్ ధరించాలి. రెజిన్‌ను అరగదీసేటప్పుడు తడిగా పని చేయాలి, మాస్కు పెట్టుకోవాలి. వాడిన ఫెర్రిక్ క్లోరైడ్‌లో రాగి కలిసి ఉంటుంది. దాన్ని కాలువలో పారబోయరాదు.

మూల్యాంకనం, ప్రాముఖ్యం

బ్రిటన్‌లో 1963లో ఏర్పడిన ఇంటర్నేషనల్ ప్లాస్టిక్ మోడలర్స్ సొసైటీ శాఖలు అనేక దేశాల్లో పోటీలు నిర్వహిస్తున్నాయి. ఇలాంటి పోటీల్లో న్యాయనిర్ణేతలు ముందుగా మౌలిక విషయాలు చూస్తారు: చక్రాలన్నీ నేలకు తగులుతున్నాయా, క్యాబిన్ నిటారుగా ఉందా, అతుకులు కనబడుతున్నాయా, రంగు సమంగా ఉందా. వివరాల సంఖ్య ఆ తరువాతి విషయం. వంకర ఛాసిస్ మీద ఎన్ని గొట్టాలు చేర్చినా మార్కులు దక్కవు.

స్క్రాచ్ బిల్డింగ్ డ్రాయింగు చదవడం, కొలవడం, లోహం, ప్లాస్టిక్ పనులు నేర్పుతుంది; ఫిషర్ గిల్డ్ వంటి పోటీలు వాహన రూపకర్తలను తయారు చేశాయి. లారీల విషయంలో దీనికి దస్తావేజు విలువ కూడా ఉంది. పాత లారీలు ఆయుర్దాయం ముగిశాక తుక్కుకు వెళ్తాయి. కార్లకు ఉన్నంతగా వాటికి సేకరణకర్తలు లేరు. ఆటోనగర్ మేస్త్రీలు కట్టిన కర్ర క్యాబిన్లకు డ్రాయింగులు లేవు. అలాంటి లారీని కొలిచి, ఆ కొలతలను రాసి ఉంచి కట్టిన నమూనా ఆ వాహనానికి మిగిలే కొలతల రికార్డు అవుతుంది.